ఆరాధనకు పిలిస్తే సువార్త చెప్పినట్టేనా?

ఆవగింజ:
ఈ నెల ప్రతి కుటుంబమూ ఒక్కరినైనా ఆరాధనకు పిలవాలని మా పాస్టర్ గారు చెప్పారు. పిలిచినంత మాత్రాన మన బాధ్యత తీరినట్టేనా?

పాతదీపం:
తీరదు, కానీ మొదలయ్యేది అక్కడే. యోహాను 1వ అధ్యాయం చూడండి. అంద్రెయ ముందు వెతికింది తోడబుట్టిన సీమోనును. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు అంటే ఫిలిప్పు వాదనకు దిగలేదు, వచ్చి చూడమన్నాడు. 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లి అదే మాట చెప్పింది. ఈయన క్రీస్తేనా అన్నది ఆమెకే ఇంకా పూర్తిగా తేలలేదు. అన్నీ తెలిశాకే నోరు తెరుద్దామనుకుంటే ఎప్పటికీ తెరవం.

నిశ్శబ్దం:
నాకైతే పిలవాలంటేనే టెన్షన్. రానంటే మర్నాడు మొహం ఎలా చూడాలి?

తీగె_కొమ్మ:
వాళ్లు యేసు దగ్గరికి పిలిచారు. మనం కార్యక్రమానికి పిలుస్తున్నాం. 1855లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కింబల్ అనే సండేస్కూల్ టీచర్ తన క్లాసు కుర్రాడి కోసం, అతను పనిచేసే చెప్పుల దుకాణానికే వెళ్లి మాట్లాడాడు. ఆ కుర్రాడే తర్వాత పేరుమోసిన సువార్తికుడైన డి.ఎల్. మూడీ. ఆదివారం రమ్మని చెప్పి ఊరుకుంటే సరిపోయేదా?

పాతదీపం:
మూడీ ఆ క్లాసుకు ఎలా వచ్చాడో కూడా చెప్పండి. పనిలో పెట్టుకున్న మేనమామ చర్చికి వెళ్లాలని షరతు పెట్టాడు.

తీగె_కొమ్మ:
షరతు పెట్టడం పిలవడమా?

పాతదీపం:
లూకా 14:23లో, విందు ఉపమానంలో, అతిథులను తీసుకురమ్మని దాసుణ్ని పంపుతూ యజమాని ‘బలవంతము చేయుము’ అంటాడు కదా.

తీగె_కొమ్మ:
ఆ మాట పట్టుకునే ప్రాచీన సంఘ బిషప్ అగస్టీన్, సంఘం నుంచి చీలిపోయిన దొనాతిస్టులను ప్రభుత్వ అధికారంతో లొంగదీయడం సరైనదే అన్నాడు. దయచేసి ఆ వచనం జోలికి రాకండి.

ఆవగింజ:
ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరు శిష్యులూ యేసును ఉండమని బలవంతం చేశారు, లూకా 24:29. అది ప్రేమతో బతిమాలడమే కదా.

తీగె_కొమ్మ:
ప్రేమతోనే అంటారు అందరూ. నేనూ ప్రేమతోనే ఒక స్నేహితుణ్ని తీసుకెళ్లాను. పాట కాగానే కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడాలన్నారు. అతను ముందు కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని నా వైపు చూశాడు. చప్పట్లు. చేతికి ఫారం. బయటికి వస్తుంటే సంఘ పెద్ద ఒకాయన నా భుజం తట్టి, ‘నీ లెక్కలో ఒకరు వచ్చారు’ అన్నారు. అతను పక్కనే ఉన్నాడు. విన్నాడు. ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇది మీకు అర్థం కాదు, మీకు తలలు లెక్కపెట్టుకోవడమే ముఖ్యం.

పాతదీపం:
నేనే ఒకప్పుడు అలా వచ్చిన తలనండీ. మా ఆవిడ పోయాక రెండేళ్లు ఆఫీసు, ఇల్లు తప్ప నాకు ఇంకో చోటు లేదు. పక్క సీట్లో పదకొండేళ్లు కూర్చున్నతను విశ్వాసి అని అతను రిటైరైన రోజు పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేస్తే తెలిసింది. ఎందుకు పిలవలేదని అడిగాను. ‘మీరు ఇబ్బంది పడతారేమోనని’ అన్నాడు. నా బాధ రోజూ కళ్లారా చూసి కూడా! చివరికి పిలిచింది ముక్కూమొహం తెలియని మనిషి. మీ జాగ్రత్త మీకు మర్యాదలా కనిపిస్తుందేమో. నాకు మాత్రం నన్ను లెక్కలోకే తీసుకోనట్టు అనిపించింది.

నిశ్శబ్దం:
ఇది చదివాక నా పక్కింటాయన గుర్తొచ్చారు.

తీగె_కొమ్మ:
నా మాట తప్పు, క్షమించండి. నిజానికి పిలవడానికి నాకు భయం లేదు. పిలిచాక మా సంఘం ఆ మనిషిని ఏం చేస్తుందోనన్నదే నా భయం.

పాతదీపం:
అయితే ముందు మీ పెద్దలతో మాట్లాడాలి, మాతో కాదు. ఆ స్నేహితుడికి మళ్లీ ఫోన్ చేశారా? ఆదివారం సంగతి ఎత్తకుండా, ఊరికే.

తీగె_కొమ్మ:
లేదు. ఇప్పుడు చేస్తే అదీ పిలవడానికే అనుకుంటాడు.