హ్యాంగింగ్ కుండీలో హోయా: ఆకులు పసుపు, మొగ్గలు రాలిపోతున్నాయి

పటమట మేడతోట:
నమస్తే అండి. విజయవాడ, మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. 8 అంగుళాల హ్యాంగింగ్ కుండీలో హోయా కార్నోసా, కుండీకి అడుగున అతికి ఉండే ప్లేటు. నర్సరీ మట్టి అలాగే ఉంది, రోజూ పొద్దున నీళ్లు పోస్తున్నాం. కింది ఆకులు పసుపు తిరిగి మెత్తబడి రాలుతున్నాయి. రెండు తీగలు ఆకుల్లేకుండా బారెడు సాగాయి, కత్తిరించాలా? మొగ్గల గుత్తి విచ్చకముందే రాలింది. ఈ మే ఎండల్లో మట్టి మార్చొచ్చా?

బ్రాడీపేట బాల్కనీ:
ముందు ఆ ప్లేటు ఊడదీయండి. హోయా అడవిలో చెట్ల కొమ్మల మీద పాకే తీగ, వేళ్లకి గాలి ఆడాలి. ప్లేటులో నీళ్లు నిలిస్తే అడుగు వేళ్లు కుళ్లుతాయి. పై మట్టి మాత్రం ఎండకి పొడిబారి కనిపిస్తుంది, దాన్ని చూసి మళ్లీ పోస్తాం.

నీళ్లు కావాలో లేదో ఆకే చెబుతుంది. గట్టిగా ఉంటే వద్దు. మెత్తగా వంగుతూ, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. కుండీ బరువుగా ఉండి కూడా ఆకు వడిలితే వేరు కుళ్లినట్టే, అప్పుడు తొలకరి దాకా ఆగకూడదు. సాయంత్రం పూట మొక్క తీసి, నల్లబడి మెత్తగా జారే వేళ్లు కోసేసి మట్టి మార్చండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే మాత్రం వానలు పడ్డాకే ముట్టుకోండి.

కొత్త మట్టి మిశ్రమానికి: కొబ్బరి డొక్క ముక్కలు 2 పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 1, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) 1, బొగ్గు ముక్కలు ఓ గుప్పెడు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండుసార్లు కడిగి పిండాలి. కుండీ పెద్దది చేయకండి. వేళ్లు కాస్త ఇరుగ్గా ఉంటేనే ఇది బాగా పూస్తుంది.

మంగళగిరి పూలతీగ:
ఆ తీగల్ని దయచేసి కత్తిరించకండి. ముందు తీగ సాగుతుంది, ఆకులు తర్వాత వస్తాయి. కుండీ చుట్టూ తిప్పి కట్టండి. పూలు వాడాక కూడా ఆ పొట్టి కాడ తుంచొద్దు, మళ్లీ గుత్తి దాని కొసనే వస్తుంది. చాలామంది అది ఎండుపుల్ల అనుకుని తీసేసి, తర్వాత పూయట్లేదంటారు.

మొగ్గలు రాలడానికి పడమటెండ, వడగాలి చాలు. 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గరికి మార్చండి. మొగ్గ వేశాక మాత్రం కుండీ కదపొద్దు. ఎరువు వానాకాలం నుంచే: 19:19:19 (నీళ్లలో కరిగే NPK ఎరువు) లీటరు నీళ్లకి 1 గ్రాము, 15 రోజులకోసారి, తడి మట్టి మీదే.

పటమట మేడతోట:
థాంక్సండి. కాడల దగ్గర తెల్లగా దూదిలా ఉంది, చీమలూ తిరుగుతున్నాయి.

బ్రాడీపేట బాల్కనీ:
చీమలు పూల తేనెకీ వస్తాయి, ఆ దూది మాత్రం పిండినల్లి. ఇయర్‌బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవండి, ఆకు తొడిమ దగ్గరి సందులు వదలొద్దు. తర్వాత లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికోసారి, కనీసం మూడు వారాలు. మొదటిసారికే పోయినట్టుంటుంది కానీ గుడ్లు మిగులుతాయి.