1978 నాటి కెన్నర్ ల్యూక్ స్కైవాకర్ బొమ్మ నాణ్యతను ఎలా నిర్ధారించుకోవాలి?

సిన్సినాటి_తెలుగు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి శివార్లలో ఉంటున్నాను. ఇక్కడి ఒక పాతసామాన్ల దుకాణంలో స్టార్ వార్స్ తొలి చిత్రం వచ్చాక కెన్నర్ సంస్థ విడుదల చేసిన ల్యూక్ స్కైవాకర్ బొమ్మ ఒకటి అట్టా పెట్టె ఏమీ లేకుండా విడిగా అమ్మకానికి ఉంది. ఎత్తు మూడుముప్పావు అంగుళాలు, పసుపు జుట్టు, తెల్లటి చొక్కా, కుడిచేతిలో నుంచి బయటికి జరిగే పసుపు లైట్‌సేబర్ (కాంతి కత్తి) ఉన్నాయి. ముఖం మీద రంగు బాగానే ఉంది కానీ ముక్కు కొస కొద్దిగా అరిగింది. కాళ్ళు వదులుగా ఉండటంతో నిలబెట్టగానే పక్కకు ఒరిగిపోతోంది. చొక్కా తెలుపు చేతుల దగ్గర ఒకలాగా, ఛాతీ మీద మరొకలాగా కనబడుతోంది.

కాలి వెనక 1977 అని ఉంది కాబట్టి ఇది మొట్టమొదటి విడతలోనిదని, కెన్నర్‌లో పనిచేసినవాళ్ళ ఇంటి నుంచి వచ్చిందని దుకాణదారు అంటున్నారు. ధర కూడా ఆ మాటకు తగ్గట్టే చెబుతున్నారు. నా దగ్గర ఉన్నవన్నీ హాస్బ్రో సంస్థ 2013 నుంచి తెస్తున్న ఆరంగుళాల బ్లాక్ సిరీస్ బొమ్మలే. వాటిలో కళ్ళ పెయింట్ సరిగా పడిందా, కీళ్ళు బిగువుగా ఉన్నాయా అని చూస్తే సరిపోతుంది. ఈ పాతవాటిలో ఏది లోపమో, ఏది వయసు వల్ల సహజంగా వచ్చిందో నాకు తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

పాతబొమ్మల_పెట్టె సమాధానం

సిన్సినాటి గారూ, ఈ బొమ్మ విషయంలో మీరు రెండు ప్రశ్నలను వేరువేరుగా అడగాలి. ఇందులోని భాగాలన్నీ ఆనాటివేనా అన్నది మొదటిది, అవి ఎంత బాగా నిలిచాయన్నది రెండోది. దుకాణాల్లో ఈ రెండింటినీ కలిపేసి, మెరుస్తూ ఉన్నదాన్ని మంచి బొమ్మగా, అరిగినదాన్ని చెడ్డ బొమ్మగా చూపిస్తారు. ముక్కు అరిగిన అసలైన ల్యూక్ కన్నా, తళతళలాడుతూ చేతిలో నకిలీ సేబర్ ఉన్న ల్యూక్ విలువ తక్కువ కావచ్చు. సేబర్ లేకుండా దొరికే ల్యూక్ బొమ్మలు చాలా ఉన్నాయి, కాబట్టి వాటికి అమర్చడానికి కొత్తగా పోత పోసిన రీప్రో (అంటే నకలు) సేబర్లూ అంతే విరివిగా తిరుగుతున్నాయి.

అందుకే ముందుగా సేబర్ చూడండి. అసలు సేబర్ కొస చాలా సన్నగా, అగరుబత్తి పుల్లలా ఉంటుంది. పిల్లల చేతుల్లో మొదట విరిగేది అదే. కొస మొద్దుగా ఉంటే విరిగిందేమో చూడాలి, మరీ మందంగా ఉంటే రీప్రో అని అనుమానించాలి. చేతి కింద ఉన్న గాడిలో చిన్న మీట ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ముందుకు జరిపి సేబర్ పూర్తిగా బయటికి వస్తోందా, వెనక్కి జరిపితే లోపలికి సాఫీగా పోతోందా అని గమనించండి. గాడిలో పట్టు లేకుండా లొడలొడలాడుతున్నా, ఎక్కడో బిగిసిపోతున్నా అది వేరే చేతికి చేసిన ముక్క కావచ్చు. నిజమైనదని తెలిసిన సేబర్‌ను పక్కన పెట్టి రంగు, మందం, అచ్చు గీతలు పోల్చడాన్ని మించిన పరీక్ష లేదు. పాత బొమ్మలు సేకరించే స్నేహితులు ఎవరైనా ఉంటే వారిని వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది.

మొట్టమొదటి విడత అన్న మాట విషయానికి వస్తే, కాలి వెనక ఉన్న 1977 బొమ్మ తయారైన సంవత్సరం కాదు, అది కాపీరైట్ సంవత్సరం. ఈ బొమ్మలు దుకాణాల్లోకి వచ్చిందే 1978లో. అదే బొమ్మను ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి అమ్మారు కాబట్టి ఆ అంకె అన్నింటి మీదా ఉంటుంది. దానితో పాటు కనిపించే జి.ఎం.ఎఫ్.జి.ఐ. అనే అక్షరాలు అప్పట్లో కెన్నర్‌కు యజమాని అయిన జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్‌వి. నిజంగా తొలినాళ్ళ ల్యూక్‌ను గుర్తించే ఒక ఆనవాలు రెండు దశల్లో సాగే సేబర్. అందులో మందపాటి పసుపు గొట్టం బయటికి వచ్చాక దాని లోపలి నుంచి మరో సన్నని ముక్క ఇంకా ముందుకు జరుగుతుంది. 1977 క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాకపోవడంతో కెన్నర్ ఖాళీ పెట్టెలో పత్రం పెట్టి అమ్మి, తరువాత ఇంటికి పంపిన ఎర్లీ బర్డ్ బొమ్మల్లో ఈ రకం ల్యూక్ కొందరికి చేరింది. ఇలాంటి సేబర్ పలికే ధర చాలా ఎక్కువ, దానికి నకిలీలు కూడా ఎక్కువే. మీరు వర్ణించినదాన్ని బట్టి మీ బొమ్మది మామూలు సేబర్ అనిపిస్తోంది. అదే నిజమైతే దుకాణదారు చెప్పే తొలి విడత ధరకు ఆధారం లేదు.

ఉద్యోగుల ఇంటి కథ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కెన్నర్ మీ ఊరి సంస్థే, ఆ కార్యాలయం 2000లో మూతపడింది కూడా, కాబట్టి అక్కడ పనిచేసినవారి అటకల మీద బొమ్మలు ఉండటంలో వింత లేదు. కానీ వీటి రూపకల్పన సిన్సినాటిలో జరిగినా పోత పోసింది హాంకాంగ్ వంటి చోట్ల. కాబట్టి ఉద్యోగి ఇంట్లో దొరికిన మామూలు ల్యూక్ కూడా ప్రతి దుకాణంలోనూ అమ్మిన మామూలు ల్యూకే. దానితో పాటు కాగితాలు, నమూనాలు ఏవైనా వస్తే ఆ లెక్క వేరు.

విశాఖ_సముద్రగాలి సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, చొక్కా రంగులో మీరు గమనించిన తేడా గురించి చెబుతాను. ఈ బొమ్మల్లో మొండెం గట్టి ప్లాస్టిక్‌తోను, చేతులూ కాళ్ళూ తల కొంచెం మెత్తటి ప్లాస్టిక్‌తోను చేసినవి. ఈ రెండు రకాలూ ఒకే విధంగా వయసు పైబడవు, ఎండ తగిలితే ఒక భాగం పసుపు తిరిగి మరో భాగం అలాగే ఉండవచ్చు. అందువల్ల ఛాతీకి, చేతికి మధ్య రంగు తేడా కనబడగానే చెయ్యి మార్చారని తీర్మానించవద్దు. చేతులు రెండూ ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయా అని చూడండి. కుడి చెయ్యి ఒక్కటే మరీ తెల్లగా ఉంటే అప్పుడు అనుమానించాలి. మొండెం రెండు సగాలను అతికించే చోట చేతులూ కాళ్ళూ లోపల ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, చెయ్యి మార్చాలంటే ఆ అతుకు విప్పక తప్పదు. పక్క గీత వెంట గోరుతో తడిమితే జిగురు మరకలూ గరుకుతనమూ తెలుస్తాయి.

పసుపు తిరిగిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచేవాళ్ళు ఉన్నారు. అది కొంతకాలం బాగానే కనిపిస్తుంది కానీ మళ్ళీ పసుపు తిరగవచ్చు, ఈలోగా పెయింట్ దెబ్బతినవచ్చు కూడా. మరీ తెల్లగా, రంగులు వెలసినట్టు ఉన్న బొమ్మను చూస్తే నేను వెనకడుగు వేస్తాను. ముక్కు అరుగుదల మాత్రం నాకు ఒక విధంగా మంచి సూచనగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ముక్కు మీద ఎవరూ కొత్త రంగు పూయలేదని అది చెబుతోంది. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే తరువాత పూసిన రంగు చాలాసార్లు పాత రంగు కన్నా భిన్నంగా మెరుస్తుంది.

వదులు కాళ్ళు పెద్ద లోపమేమీ కాదు. ఈ బొమ్మలకు మెడ, భుజాలు, తుంటి కలిపి ఐదే కీళ్ళు. మోకాలు వంగదు కాబట్టి తుంటి వదులైతే బొమ్మ నిలబడదు, దానికి ఒక స్టాండు చాలు. కొన్నాక కడగాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళూ మెత్తటి సబ్బూ వాడండి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం దగ్గరికి కూడా రానివ్వవద్దు. మా ఊరి ఉక్కపోతలో మెత్తటి ప్లాస్టిక్ జిడ్డు కక్కుతుంది, దాన్ని మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచితే ఇంకా తొందరగా కక్కుతుంది. మీరున్న చోట ఆ బాధ తక్కువే కానీ కిటికీ ఎండకు మాత్రం దూరంగా పెట్టండి.

సిన్సినాటి_తెలుగు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి దృష్టిలో పెట్టుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళి చూశాను. చేతులు రెండూ ఒకే రంగులో ఉన్నాయి, మొండెం అతుకులో జిగురు లేదు. కాలి వెనక అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. సేబర్ మాత్రం ముదురు నిమ్మపండు పసుపులో ఉంది, కొస మందంగా ఉంది, సగం దాకా జరిగి ఆగిపోతోంది. బలవంతం చేయలేదు. నీళ్ళలో వేసి తేలితే అసలైనదే అని దుకాణదారు అంటున్నారు. ఆ పరీక్షను నమ్మవచ్చా?

పాతబొమ్మల_పెట్టె సమాధానం

ఆ తేలే పరీక్ష సేకరించేవాళ్ళలో చాలాకాలంగా తిరుగుతోంది కానీ దాని మీద ఆధారపడి డబ్బు పెట్టవద్దు. తేలే రీప్రోలు ఉన్నాయి, మునిగే అసలువీ ఉన్నాయి. పైగా మీ సేబర్ చేతిలో ఇరుక్కుని ఉంది కాబట్టి, బయటికి లాగే ప్రయత్నంలో గాడి అంచు చీలితే ఇప్పటిదాకా బాగున్న చెయ్యి కూడా పాడవుతుంది.

మీరు చెప్పిన మూడు లక్షణాలూ రీప్రో వైపే చూపుతున్నాయి. బొమ్మ మాత్రం అసలైనదనే నా అభిప్రాయం. కాబట్టి సేబర్ లేని ల్యూక్‌కు ఇచ్చే ధరే చెప్పండి, తొలి విడత మాటను బేరంలోకి రానివ్వవద్దు. యాక్షన్ ఫిగర్ అథారిటీ వంటి సంస్థకు పంపి నూరుకు మార్కులు వేయించి అక్రిలిక్ డబ్బాలో మూయించడం ఇలాంటి విడి బొమ్మకు అనవసరమైన ఖర్చు. దుకాణదారు ధర తగ్గించకపోతే వదిలేయండి, ల్యూక్ అరుదైన బొమ్మ కాదు. తగ్గిస్తే కొనుక్కుని, ఆ తరువాత అసలు సేబర్ ఒక్కటే విడిగా దొరికే దాకా వెతకండి. అది దొరికిన రోజున ఇప్పుడున్నదాన్ని రీప్రో అని చీటీ రాసి విడి సంచిలో ఉంచండి. లేకపోతే మీ తరువాత కొనేవాళ్ళకు మళ్ళీ ఇదే సందేహం వస్తుంది.