వార్డు పనుల్లో మా వయసువారి మాటకు చోటు ఉన్నదా?

ప్రశ్న (నెల్లూరు, డిగ్రీ విద్యార్థి): చక్రాల కుర్చీలో తిరిగే మిత్రునితో కలిసి మా పేటంతా చుట్టి చూస్తే, ఒకచోట కాలిబాటకు కట్టిన ర్యాంపు సరిగ్గా కరెంటు స్తంభం ముందుకు వచ్చి ఆగింది. ఇలాంటివి పని మొదలుకాక ముందే చెప్పడానికి చట్టంలో దారి ఏదైనా ఉన్నదా?

జవాబు 1: ఉన్నది. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం, 3 లక్షలు లేదా అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు (వార్డు స్థాయిలో మునిసిపల్ పనులు చూసే కమిటీలు) ఉండాలి. 2011 లెక్కలకే నెల్లూరు ఆ హద్దు దాటింది. 21 ఏళ్లు నిండితే కార్పొరేటరుగానే పోటీ చేయవచ్చు, కాని అందాకా ఆగనక్కరలేదు.

జవాబు 2 (ఒంగోలు): మా ఊరు ఆ లెక్కలో 3 లక్షలకు చేరలేదు కనుక మేము సమాచార హక్కు చట్టాన్నే పట్టుకున్నాము. పని అంచనా పత్రం నకలు తీసుకొని, టేపుతో వెళ్లి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉన్నదో లేదో కొలిచాము. నోటిమాట ఫిర్యాదును పట్టించుకోనివారు (ఇది మా అనుభవం) కొలతలు రాసిన కాగితానికి మాత్రం రసీదు ఇచ్చారు. తోపుడు బండ్లవారినీ కలుపుకోండి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వారివే.

ప్రశ్న అడిగినవారు: ఆదివారం టేపుతో బయలుదేరుతున్నాము.