దీపావళి సంబరాలకు పిల్లల దెయ్యం ట్రైలర్: పనులు పంచుకుందాం

సాంస్కృతిక విభాగం:
అందరికీ నమస్కారం. నవంబరు 14, శనివారం మన తెలుగు సంఘం జరిపే దీపావళి సంబరాల్లో ఈసారి నాటిక వేయబోమని మన పెద్ద పిల్లలు తేల్చేశారు. అసలు లేని సినిమాకు ట్రైలర్ తీస్తారట, అదీ దెయ్యం సినిమాకు! ఇక్కడ బ్రిటన్‌లో ఇంటర్ లాంటి ఏ-లెవెల్‌లో మీడియా చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు కథ చెప్పారు. నాకు నచ్చింది.

ఊళ్లో దెయ్యం తిరుగుతోందన్న పుకారు లేచినప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు, గుర్తుందా? ఆ రాత ఇక్కడి ఎర్ర ఇటుకల ఇంటి తలుపు మీదికి వస్తుంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ సుద్దముక్కతో రాస్తుంది. తెలుగు చదవడం రాని మనవడు, ఎవరో తలుపు పాడు చేశారనుకుని శుభ్రంగా తుడిచేస్తాడు. చీకటి పడ్డాక తలుపులో ఉత్తరాలు వేసే గాటు మూత పైకి లేస్తుంది. వాళ్ల అమ్మ గొంతే అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అమ్మేమో వంటింట్లో ఉంటుంది.

నిడివి 75 సెకన్లు దాటకూడదని చెప్పాను. నాకున్న పట్టుదల ఒక్కటే: దెయ్యాన్ని చూపించకూడదు. తెల్లచీర, విరబోసిన జుట్టు, పౌడరు ముఖం కనిపించిన మరుక్షణం హాలంతా నవ్వుతుంది, పైగా అది ఎవరి అమ్మాయో కూడా గుర్తుపట్టేస్తారు. తలుపు ఇవతల నిలబడిన కుర్రాడి ముఖం చాలు. ట్రైలర్ కథ మొత్తం చెప్పాల్సిన పని లేదు. తుడిచిన చోట మిగిలిన సుద్ద మరక, చొక్కా చేతికి అంటిన పొడి, వంటింట్లో కుక్కరు కూత, ఇలాంటివి పది పన్నెండు షాట్లు దొరికితే సగం పని అయినట్టే. తలుపు తెరుచుకోబోతుండగా పేరు పడాలి.

కావలసినవి: ముందు తలుపుకు గాటు ఉన్న ఇల్లు, అమ్మమ్మ వేషానికి ఒకరు, కెమెరా, శబ్దం, పిల్లలకు తోడుగా పెద్దలు.

పూర్వ కార్యదర్శి:
అమ్మా, పండగ పూట దెయ్యాలేమిటి? లక్ష్మీపూజ చేసి, దీపాలు పెట్టుకుని, ఆ వెంటనే ఇదా? కిందటిసారి చిన్నపిల్లలు బాణసంచా చప్పుడుకే ఏడ్చారు. పిల్లల ఉత్సాహం నాకూ ఇష్టమే, వేరే రోజు వేసుకోకూడదా?

సాంస్కృతిక విభాగం:
బాబాయ్ గారూ, పూజకూ దీనికీ మధ్య భోజనాలు పెడుతున్నాం. ట్రైలర్ వేసే ముందు వేదిక మీద నుంచి ప్రకటిస్తాం. ఆ పది నిమిషాలు చిన్నపిల్లలకు పక్క గదిలో ప్రమిదలకు రంగులు వేసే పని పెడతాం. వేరే రోజుకు మారిస్తే ఈ పిల్లలు పండక్కే రారు. నిరుడు నాటిక మధ్యలో ఎంతమంది బయటికి వెళ్లి కార్లలో కూర్చున్నారో మీరూ చూశారు.

కెమెరా బాధ్యులు:
అక్కా, రెండు మంచి ఫోన్లు, ఒక స్టాండు నా దగ్గర ఉన్నాయి, వేరే కెమెరా అక్కర్లేదు. ఫోను సెకనుకు 30 ఫ్రేముల్లో ఉంటే మాత్రం ఇంట్లోని కొన్ని ఎల్‌ఈడీ దీపాలు వీడియోలో మినుకుమినుకుమంటాయి. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టాలి. ఎక్స్‌పోజరు లాక్ చేయకపోతే చీకటి షాటును ఫోను తనంతట తానే వెలిగించేస్తుంది, భయం పోతుంది. వెలుతురుకు ఒక టేబుల్ లైటు, పక్క గదిలోంచి తలుపు సందులో పడే కాంతి చాలు.

అక్టోబరు 25న గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఆ తర్వాత వారం చాలా బళ్లకు సెలవు, సాయంత్రం ఐదున్నరకే చీకటి. పిల్లలను అర్ధరాత్రి దాకా మేలుకోబెట్టే పని లేదు.

ఎడిటింగులో మెరుపులు పెడతామంటున్నారు. సెకనుకు మూడుకు మించనివ్వను. మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదమని ఇక్కడి టీవీ ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ చెప్పే హద్దు అదే. హాలీవుడ్ ట్రైలర్ల మొదట్లో వచ్చే ఆకుపచ్చ అనుమతి తెర కూడా తీసేయమన్నాను. అది అమెరికా వాళ్ల మోషన్ పిక్చర్ అసోసియేషన్‌ది, మనకెందుకు? పోస్టరు మీద, సినిమాలకు వయసు రేటింగు ఇచ్చే బీబీఎఫ్‌సీ గుర్తులూ వద్దు.

శబ్దం చూస్తున్నవారు:
హారర్‌కు కెమెరా కన్నా నేనే ముఖ్యమని మనవి. సుద్ద చెక్క మీద గీరుకునే చప్పుడు, గాటు మూత కిర్రుమనడం, తాళాల గుత్తి, అన్నీ మైకు దగ్గరగా పెట్టి విడిగా రికార్డు చేద్దాం. ప్రతి గదిలో అందరూ కదలకుండా అర నిమిషం ఊరుకుంటే ఆ గది నిశ్శబ్దం కూడా పట్టుకుంటాను. రెండు షాట్ల అతుకు వినబడకుండా ఉండాలంటే అది కావాలి. భయపెట్టే దెబ్బకు ముందు రెండు సెకన్లు ఏ శబ్దమూ ఉండకూడదు. పిల్లలు తమ ప్రణాళికలో అక్కడ కూడా సంగీతం రాసుకున్నారు, తీయించాను.

సినిమా పాటల బిట్లు వాడొద్దు, యూట్యూబులో పెట్టగానే హక్కుల గొడవ వస్తుంది. వీణ నేర్చుకుంటున్న పాప మంద్రం తీగ మీటితే చాలు. దాన్ని సగం వేగంతో వినిపిస్తే శ్రుతి ఒక స్థాయి దిగిపోతుంది. ఇంతకన్నా భయంకరమైన రీరికార్డింగు డబ్బిచ్చినా దొరకదు. నవంబరు 5, ఇక్కడివాళ్లు టపాసులు కాల్చే బాన్‌ఫైర్ నైట్, దగ్గర పడితే మాత్రం ఏమీ రికార్డు చేయలేం, ఊరంతా టపాసులే.

పిల్లల భద్రత చూస్తున్నవారు:
పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరి తల్లిదండ్రుల సంతకాలు షూటింగుకు ముందే నాకు రావాలి. యూట్యూబులో పెట్టడానికి వేరే సంతకం. ప్రతి పూటా ఇద్దరు పెద్దలు, డీబీఎస్ (నేర చరిత్ర తనిఖీ) అయినవాళ్లు. ఎవరో రబ్బరు కత్తి తెస్తామన్నారు, ఈ కథలో కత్తి ఎందుకు? చీకట్లో వీధి తలుపు దగ్గర అది కనిపిస్తే చూసినవాళ్లు పోలీసులకు ఫోను చేస్తారు. ఇరుగుపొరుగుకు ముందు రోజే చీటీ వేయండి, కేకలు వినిపిస్తాయని.

ఇల్లు కావాలంటే మాది తీసుకోండి. గాటు ఉంది, మూత నిజంగానే కిర్రుమంటుంది. కార్పెట్ మీద ఎర్రరంగు పడితే మాత్రం ఊరుకోను.

పూర్వ కార్యదర్శి:
సరే. అమ్మమ్మ వేషానికి ఎవరూ దొరకకపోతే మా ఆవిడ వేస్తానంటోంది. సుద్దముక్కలు ఆవిడే తెస్తుందట. డైలాగు ఉందా అని అడుగుతోంది.

సాంస్కృతిక విభాగం:
పిన్ని గారైతే ఇంకేం కావాలి! డైలాగు లేదు, కానీ మొదటి ఇరవై సెకన్లు మొత్తం ఆవిడవే.

అయితే అక్టోబరు 27, 28 సాయంత్రాలు షూటింగు. 29వ తేదీ విడిగా శబ్దాలకు. నవంబరు 8 దీపావళి రోజు ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోవద్దు, ఎడిటింగు 7కే ముగించాలి. 12న హాల్లో ఒకసారి వేసి చూద్దాం, ఆ ప్రొజెక్టరు చీకటి షాట్లను బూడిదరంగులో చూపిస్తుంది, అవసరమైతే రంగులు సరిదిద్దుకోవాలి. మొదటి రోజు కొబ్బరికాయ నేను తెస్తాను. చివరి రోజు కొట్టడానికి గుమ్మడికాయ కూడా కావాలని పిల్లలు అడిగారు. ఆ వారం ఏ దుకాణంలో చూసినా హాలోవీన్ గుమ్మడికాయలే కాబట్టి కొరత లేదు, కాకపోతే వీధిలో కొట్టకండి, పెరట్లో కొట్టి ముక్కలు మీరే ఎత్తండి.

వ్యాను ఎవరి దగ్గరైనా ఉందా? లైట్లు, స్టాండ్లు మోయడానికి ఒక పూటకు చాలు.