అల్జీమర్స్: మెదడు కణాల్లో కొవ్వు కారణమా, ఫలితమా?

పర్లాకిమిడి కోడలు:
మా మావయ్యగారికి అల్జీమర్స్ అని బరంపురంలో డాక్టరు చెప్పారు. అప్పట్నుంచి ఇంటికొచ్చేవాళ్ళది తలో మాట. మెదడులో సగం కొవ్వే, కొలెస్ట్రాల్ మాత్ర ఆపి నెయ్యి పెట్టమని విజయనగరం చుట్టాలు. కొవ్వే మెదడుని పాడుచేస్తోంది, ఆవనూనె కూడా మానిపించమని పక్కింటి ఒడియా ఆవిడ. ఏది నమ్మాలి?

గుణుపురం:
రెండూ వద్దమ్మా. అసలు దోషి అమిలాయిడ్ అనే ప్రొటీన్. దాన్ని తొలగించే లెకానెమాబ్ అనే మందుకి 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది, జబ్బు ముదరడం కొంత నెమ్మదించింది. నాడీకణాలు చనిపోతే వాటి పొరల్లోని కొవ్వుని పక్క కణాలు మింగుతాయి. కనిపించే కొవ్వు అదే.

జయపురం మాస్టారు:
అంత తేలిగ్గా తేల్చేయకండి. ఈ జబ్బుని మొదట వర్ణించిన అలోయిస్ అల్జీమరే, నాడీకణాలకి తోడుగా ఉండే గ్లియా కణాల్లో కొవ్వు పేరుకుందని 1907లో రాశాడు. తర్వాత అందరూ అమిలాయిడ్ లాంటి ప్రొటీన్ మచ్చల వెంటపడ్డారు, ఆ మాట మరుగున పడింది. నాకిది నిజంగా బాధ కలిగించే సంగతి. ఏపో ఈ4 జన్యువుకీ ఈ జబ్బుకీ సంబంధం 1993లో బయటపడింది. ఆ జన్యువు ఇచ్చే ప్రొటీన్ పనేమిటి? మెదడులో కొవ్వుని మోయడం. పుట్టుకతో వచ్చిన జన్యువు జబ్బుకి ఫలితం ఎలా అవుతుంది?

గుణుపురం:
ఏపో ఈ4 ఉంటే అమిలాయిడ్ తొలగడమూ మందగిస్తుంది కదా మాస్టారూ! అది మీ ఒక్కరి వైపు సాక్ష్యం కాదు. అల్జీమర్స్ రోగులకి స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు ఇచ్చి చూశారు, లాభం కనిపించలేదు.

జయపురం మాస్టారు:
ఏపో ఈ4 గురించి మీ మాట సరైనదే. కొవ్వూ అమిలాయిడూ ఒకదాన్నొకటి పెంచుతున్నాయని నా నమ్మకం. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏపో ఈ4 రెండు ప్రతులూ ఉన్న రోగుల మైక్రోగ్లియాలో, అంటే మెదడులో చెత్త ఎత్తే గ్లియా కణాల్లో, కొవ్వు బొట్లు చూశారు. ప్రయోగశాలలో ఆ రకం కణాలకి అమిలాయిడ్ తగిలిస్తే బొట్లు పెరిగాయి. అలాంటి కణాలు పెరిగిన ద్రవం నాడీకణాలని దెబ్బతీసింది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులోనూ అంతే, ఒక రకం కొవ్వుని విరిచే ఎంజైము జన్యువులో లోపముంటే ముప్పు పెరుగుతుంది.

ఇక స్టాటిన్ తగ్గించేది ముఖ్యంగా రక్తంలోని కొలెస్ట్రాల్‌ని. మెదడు తనకి కావలసింది తనే తయారుచేసుకుంటుంది, రక్తంలోది దాదాపు లోపలికి పోదు. అందుకే అమ్మా, నెయ్యి పెట్టినా అందులోని కొలెస్ట్రాల్ మెదడుకి చేరదు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, గుండెకి అది కావాలి. నడివయసులో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువుండడాన్ని మతిమరుపు జబ్బు ముప్పుల్లో ఒకటిగా 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక నిపుణుల కమిషన్ చేర్చింది కూడా.

పర్లాకిమిడి కోడలు:
మాత్ర ఆపం మాస్టారూ. మరి మా వారికి ఆ జన్యువు పరీక్ష చేయించాలా? ఆయనకి ఒకటే టెన్షన్.

గుణుపురం:
ఇప్పుడే వద్దమ్మా. ఏపో ఈ4 ఉన్నా జబ్బు రాకపోవచ్చు, లేకపోయినా రావచ్చు. ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించండి. వాటికైతే మందులున్నాయి.