వింజమూరు మెట్టలో తాత కట్టిన చేని ఇల్లు: బాగు చేయించాలా, పడగొట్టి స్లాబు వేయాలా?

మెట్ట మనవడు

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర మా తాత కట్టిన ఇల్లు, దాని చుట్టూ 6 ఎకరాల ఎర్రనేల భాగ పంపకాల్లో నా వంతుకు వచ్చాయి. ఇల్లు ఊళ్లో కాదు, చేలోనే ఉంది. అడుసు పెట్టి కట్టిన రాతి గోడలు, వాటి మీద సున్నం పూత, పైన పెంకులు. ముందు పంచ, లోపల పడసాల, రెండు గదులు, వెనక వంటిల్లు. చాలా ఏళ్లుగా తాళం వేసి ఉంది. వంటింటి వైపు వాసాలు చెదపట్టి కుంగాయి. వెనక గోడ చెమ్మకు ఉబ్బింది. మిగతాదంతా గట్టిగానే కనిపిస్తోంది. పొలంలో సగం సర్కారు తుమ్మ. ఎడ్లతో నీళ్లు తోడిన పాత కపిల బావి పూడిపోయింది.

నేనూ నా భార్యా చెన్నైలో ఉద్యోగాలు మానేసి, మా అమ్మను తీసుకుని ఇక్కడికే వచ్చేస్తున్నాం. ఇల్లు బాగు చేయిద్దామని నేను, పడగొట్టి కొత్తది కడదామని తను. ఉన్న డబ్బు రెండింటికీ చాలదు. తన మాట తనే రాస్తుంది. చదివి చెప్పండి.

వింజమూరు కోడలు

పాత ఇల్లంటే నాకు కోపం లేదు. ఆ పంచలో కూర్చుంటే తగిలే గాలి నాకూ ఇష్టమే. కానీ అక్కడ రోజంతా ఉండేది నేనూ మా అత్తయ్యా. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గడపలేమో అంతంత ఎత్తు. బాత్రూమ్ దొడ్లో దూరంగా ఉంది, రాత్రిపూట లాంతరు పట్టుకుని వెళ్లాలి. పెంకుల సందుల్లో, గోడ బొక్కల్లో కట్లపాములు దూరతాయని పక్క చేల వాళ్లే చెబుతున్నారు.

ఇక కోతుల సంగతి. మందగా వచ్చి పెంకులు పీకి పడేస్తాయి. ఏటా వానలకు ముందు పైకెక్కి పెంకులు సర్దే మనుషులు మా చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లాలో గాలీ వానా ఎలా కొట్టాయో అందరం చూశాం. అలాంటి రాత్రి ఆ పెంకుల కింద అత్తయ్యను పెట్టుకుని నేను నిద్రపోలేను. తాత గారి మీద గౌరవం ఉంటే ఆ తలుపులు, ద్వారబంధాలు కొత్తింటికి పెట్టుకుందాం.

కనిగిరి అబ్బాయి

అక్క చెప్పిందే నిజం. మా ఊళ్లో మట్టి మిద్దెలు ఒక్కొక్కటే పడిపోతున్నాయి, ఎవరూ బాగు చేయించడం లేదు. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడు. దొరికినా ఆయన అడిగే కూలికి, పట్టే రోజులకు సగం కొత్త ఇల్లు లేస్తుంది. ఊరికి రావడమే పెద్ద పని, దాని మీద ఈ టెన్షన్ కూడా ఎందుకన్నా? పడగొట్టేయండి.

కందుకూరు మేస్త్రి కొడుకు

తమ్ముడూ, చెల్లెమ్మా, ఇద్దరి మాటలూ చదివాను. మా నాన్న సున్నం పని చేసినవాడు, నేను సిమెంటు పని చేస్తాను. రెండూ తెలిసినవాడిగా చెబుతున్నా.

ముందుగా ఒక ప్రమాదం సంగతి. మీ డబ్బు రెండు పనులకు చాలదని విన్న మేస్త్రి ఎవరో ఒకరు వచ్చి, "గోడలు ఉంచి పెంకు తీసేసి స్లాబు పోద్దాం, చవకలో అయిపోతుంది" అంటాడు. ఒప్పుకోవద్దు. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైనే తూగుతుంది. పెంకు కప్పు అందులో సగం కూడా ఉండదు. అడుసు పెట్టి కట్టిన రాతి గోడ కప్పు బరువును నిలువునా మోస్తుందేమో గానీ, వానకు అడుగు నాని ఒకవైపు దిగితే అంత బరువును తట్టుకోలేదు. మా వైపు అలా పోసిన ఇంట్లో రెండో వానాకాలానికే మూలలు నెర్రెలిచ్చాయి, ఆ ఇంటివాళ్లు బయట రేకుల షెడ్డులో ఉన్నారు. స్లాబే కావాలంటే పునాది నుంచి పిల్లర్లు లేపి, బీములు వేసి కట్టండి. అంటే కొత్త ఇల్లే. పాత గోడల మీద మాత్రం వద్దు.

ఇప్పుడు ఆ ఉబ్బిన గోడ. ఎవరైనా దాని మీద సిమెంటు పూత పూశారా? చూడండి. నేల చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం పూత ఉంటే బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. అప్పుడు ఉప్పు పూసి, పూత పెచ్చులుగా ఊడి, లోపలి అడుసు మెత్తబడుతుంది. సిమెంటు ఉంటే చెక్కేయండి. గోడ చుట్టూ మట్టి పేరుకుని నేల ఎత్తయి ఉంటుంది, దాన్ని తవ్వి నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టండి. అది మీ ఇద్దరూ పార పట్టి చేసుకోగల పని. ఒక వేసవి ఆరనిచ్చి, ఆ తర్వాత గోడ నిలువు తూకం గుండు పెట్టి చూడాలి. బయటికి ఒరిగితే ఆ ముక్క విప్పి అవే రాళ్లతో మళ్లీ కట్టాలి. ఒరగకపోతే సున్నం పూత చాలు.

సున్నం మేస్త్రి దొరకడన్న మాట సగమే నిజం. పాత గుళ్లకు మరమ్మతులు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వెతకాలి. సున్నం రోజుల తరబడి నానబెట్టాలి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుతారు, ఆరడానికి టైమ్ పడుతుంది. తొందరపడితే పూత రాలుతుంది. మీకు ఆ ఓపిక లేకపోతే మొదలే పెట్టొద్దు.

చెల్లెమ్మ చెప్పిన బాత్రూమ్, గడప, పాముల మాటకు మాత్రం ఇల్లు పడగొట్టనక్కర్లేదు. వంటిల్లు ఎలాగూ కుంగింది. ఆ వైపు మాత్రమే విప్పి, పిల్లర్ల మీద ఒక గది, వంటిల్లు, బాత్రూమ్ స్లాబుతో కట్టండి. పాత గోడకు ఆనకుండా మధ్యలో సందు వదలండి. తుపాను రాత్రి అమ్మ గారు అక్కడ పడుకుంటారు. ముందు భాగం పెంకుతోనే ఉంటుంది.

పొదలకూరు నిమ్మతోట

ఇంటి గురించి ఇంత మాట్లాడుతున్నారు, బావి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నా అభిప్రాయంలో మీరిద్దరూ తప్పు ప్రశ్న మీద పోట్లాడుకుంటున్నారు. జీతాలు మానేసి వస్తున్నారు, 6 ఎకరాలు మీకు అన్నం పెట్టాలి. డబ్బు ముందు నీటికి వెళ్లాలి. మెట్టలో నీళ్లు లేని కొత్త ఇల్లు కట్టుకుని ఏం చేస్తారు?

మన జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ మూడు నెలల నీళ్లు పట్టుకుంటేనే మిగతా తొమ్మిది నెలలు. ఈ వేసవిలో బావి పూడిక తీయించండి. పొలం వాలు చూసి కింది మూలలో ఒక నీటి కుంట తవ్వించండి. పెంకుల మీద పడే నీళ్లు కూడా గులకరాళ్ల గుంట మీదుగా బావిలోకి దింపొచ్చు. కొత్త బోరు వేస్తే తాగే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, మెట్టలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది.

సర్కారు తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, మొద్దుతో సహా పెకలించాలి. బొగ్గు కాల్చేవాళ్లు నరుక్కుపోతామంటారు గానీ మొద్దులు వదిలేస్తారు. వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఆ నేలలో జామాయిల్ గానీ సుబాబుల్ గానీ వేసేసి కూర్చోమని చాలామంది చెబుతారు. శ్రమ తక్కువే. కానీ కోత వచ్చే దాకా ఏళ్లు ఆగాలి, ఆ రోజు కాగితపు కంపెనీ ఏ ధర చెబితే అదే. తర్వాత మొద్దులు తీయించడానికి మళ్లీ ఖర్చు. నేనైతే మట్టి పరీక్ష చేయించి, నీళ్లు నిలవని చోట రెండెకరాలు నిమ్మ పెడతాను. బాలాజీ రకం గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. మిగతాదాంట్లో మొదటి ఏడాది కంది, పెసర లాంటివి. ఒక్కటే హెచ్చరిక, పొదలకూరు మార్కెట్లో నిమ్మ ధర వేసవిలో ఆకాశంలో ఉంటుంది, కొన్ని నెలల్లో కోత కూలి కూడా రాదు. అది తెలిసే దిగండి.

కావలి రిటైర్డ్ ఉద్యోగి

అబ్బాయీ, రూపాయి ఖర్చు పెట్టే ముందు కాగితాలు చూసుకో. 1బీ (భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు), అడంగల్ (ఎవరి సాగులో ఉందో చెప్పేది) తాత పేరు మీదే ఉన్నాయా, నీ పేరుకు మారాయా? సర్వే నంబరు 22ఏ నిషేధ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్టలో చుక్కల భూములు, అంటే పాత రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలు పెట్టి వదిలేసినవి, చాలా. 2023 మేలో కావలి సభలోనే ప్రభుత్వం వాటిలో చాలావాటిని ఆ జాబితా నుంచి తీసేసింది, అయినా నీ నంబరు అందులో ఉందో లేదో నువ్వే చూసుకోవాలి. రీసర్వే అయి ఉంటే కొత్త హద్దురాళ్లు పాత గట్ల మీదే పడ్డాయో లేదో కొలిపించు. కుంట తవ్వాక పక్కవాడు వచ్చి సగం నాదంటే అప్పుడు ఏం చేస్తావు?

వింజమూరు కోడలు

కందుకూరు అన్నయ్య గారు చెప్పిన మధ్య దారి నాకు నచ్చింది. వెనక వైపు స్లాబు గది, లోపలే బాత్రూమ్, గడప లేకుండా. అది ముందు కడితేనే ముందు భాగం పెంకులకు నేను ఒప్పుకుంటాను. పెంకుల కింద తీగ వల కొట్టించాలి, కోతులు పెంకు లాగినా పాములు కింద పడకుండా.

కానీ నిమ్మతోట గారి మాటతో నాకు తేడా ఉంది. నీళ్లు ముందు అంటున్నారు. మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి, బాత్రూమ్ లేని ఇంట్లో ఉండి బావి పూడిక తీయించే పని చూసుకోగలరా అని. మేం చెన్నై నుంచి వచ్చి పోతూ ఈ పనులు చేయించలేం, అక్కడ ఉండాలి. ఉండాలంటే ఆ ఒక్క గది ముందు లేవాలి.

పొదలకూరు నిమ్మతోట

ఒప్పుకోను తల్లీ. గది కట్టడానికి, తడపడానికి నీళ్లు ఎక్కడివి? ట్యాంకర్లు కొంటావా? మార్చి, ఏప్రిల్ నెలల్లో బావి అడుగు కనిపిస్తుంది, పూడిక తీసే అదను అదే. అది దాటితే మళ్లీ ఏడాది. పనిచేయించే రెండు నెలలు ఊళ్లో ఎవరింట్లోనైనా అద్దెకు ఉండండి.

మెట్ట మనవడు

రేపు 1బీ తీయిస్తున్నాను. ఆదివారం కందుకూరు అన్న వచ్చి గోడకు తూకం గుండు పెడతానన్నారు. ఊళ్లో అద్దె ఇంటి గురించి మా పెదనాన్న వాళ్లను అడిగాం. బావి ముందా, గది ముందా అన్నది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు. వెనక గోడ మీద పాత సిమెంటు పూత ఉంది అన్నా, ఉలితో తీస్తే చాలా, నీళ్లు చల్లి నానబెట్టాలా?

కందుకూరు మేస్త్రి కొడుకు

నీళ్లు చల్లొద్దు. పొడిగానే, చిన్న ఉలితో తీయండి. మెషీన్ పెట్టొద్దు, అదురుకు రాళ్లు కదులుతాయి. ఉబ్బు ఎక్కువ ఉన్న చోట ముందు బయట నుంచి దుంగలు ఆనించి, నేను వచ్చేదాకా ముట్టుకోకండి.