కరవులో జలవిద్యుత్ లోటును సౌరవిద్యుత్తు పూడ్చగలదా?

ప్రశ్న: జలాశయం ఎండుతున్నకొద్దీ టర్బైన్లకు అందే నీటితో పాటు ఆ నీరు పడే ఎత్తు కూడా తగ్గి, ఉత్పత్తి రెండు విధాలా దెబ్బతింటుంది. ఆ లోటును సౌరఫలకాలు పూడుస్తాయంటున్నారు; మరి పొద్దుగూకాక సంగతేమిటి?

జవాబు 1: మిగిలిన నీటిని రాత్రికి దాచుకోవడమే ఇందులోని కిటుకు. పగలంతా సౌరవిద్యుత్తు వాడుకుని, దీపాలు వెలిగే వేళకు నీటిని టర్బైన్లకు వదిలితే జలాశయమే బ్యాటరీలా పనిచేస్తుంది. చైనాలోని లాంగ్‌యాంగ్‌షియాలో 1,280 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి 850 మెగావాట్ల సౌరకేంద్రాన్ని జోడించారు. మబ్బు కమ్మి సౌర ఉత్పత్తి పడిపోతే టర్బైన్లు నిమిషాల్లో అందుకుంటాయి.

జవాబు 2: నిజమే గానీ, దాచుకోవడానికి నీరంటూ ఉండాలి కదా. జాంబియా, జింబాబ్వేల నడుమనున్న కరీబా జలాశయంలో నీటిమట్టం సముద్రమట్టానికి 475.5 మీటర్ల ఎత్తుకు దిగితే విద్యుదుత్పత్తికి నీరు తీసుకోవడం కుదరదు. పైగా సాగుకూ తాగునీటికీ దిగువకు వదలక తప్పని చోట, ఏ గంటలో వదలాలన్నది మన చేతిలో ఉండదు.

జవాబు 3: కరవులో ఆకాశం నిర్మలంగా ఉండటం కలిసివచ్చేదే. అయితే సిలికాన్ ఫలకం 25 డిగ్రీలకు మించి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ సామర్థ్యంలో దాదాపు 0.3 నుంచి 0.4 శాతం కోల్పోతుంది. వాన లేక, వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము పేరుకుంటుంది. దాన్ని కడగడానికీ మళ్లీ నీళ్లే వెతుక్కోవాలి!